సొలొమోను ఆగాడు కాబట్టి మనమూ ఆగాలా?

గోదావరి జిల్లాల్లోని ఒక పల్లె నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. పెళ్లయి ఆ ఊరు వచ్చినప్పటి నుంచీ సంఘంలో సండే స్కూల్ బాధ్యత ఆమెదే. పాత పెంకుటి మందిరం తీసేసి కొత్తది కడుతున్నారు. స్లాబ్, ప్లాస్టరింగ్ అయ్యాయి. టైల్స్, కిటికీల అద్దాలు, ప్రహరీ గోడ మిగిలాయి. ఇనుము కొట్టులో బాకీ ఇంకా తీరలేదు. ఈ క్రిస్మస్‌కే ప్రతిష్ఠ జరిపేద్దామని పాస్టర్‌గారి పట్టు. ఆమె మామగారు సంఘ పెద్ద, లెక్కలు చూసేదీ ఆయనే. "సొలొమోను అంతటివాడే మందిరం ముగించి పదకొండు నెలలు ఆగాడు, మనకేం తొందర?" అన్నది ఆయన మాట.

ఇంతలో ప్రతిష్ఠనాటికి సొలొమోను మందిరం నమూనా చేయించే పనీ, దాని గురించి చిన్న కరపత్రం రాసే పనీ ఈమెకు అప్పగించారు. కొలతలు రాసుకుంటుంటే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, ఇత్తడి స్తంభాల ఎత్తు రాజుల గ్రంథంలో 18 మూరలని, దినవృత్తాంతాల్లో 35 మూరలని ఉందేమిటని అడిగాడు. "చూసి చెబుతాను" అన్నారీమె. ఆ మాట పెద్దల దాకా వెళ్లి, పిల్లల్లో అనుమానాలు నాటుతోందన్న నింద అయింది. ఇంట్లో మామగారు ఏదో ఒక అంకె వేసి రెండోది మాట్లాడవద్దన్నారు. పోయిన కమిటీ మీటింగులో పాస్టర్‌గారు అందరి ముందూ, "అమ్మా, నువ్వు చదువుతున్నావు కదా, సొలొమోను నిజంగా ఆగాడా లేదా?" అని అడిగారు. ఈమె తల దించుకుని ఊరుకున్నారు. "ఆగాడంటే పాస్టర్‌గారికి ఎదురు చెప్పినట్టు, ఆగలేదంటే ఇంటికెళ్లి మామయ్యగారి ముఖం చూడలేను. ఆ అబ్బాయికి ఇంకా జవాబు చెప్పలేదు. నమూనా మొదలే పెట్టలేదు. ఏం చేయమంటారు?" అని అడుగుతున్నారు.

అమ్మా, వందనాలు. మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకదానికొకటి మెలిపడి ఉన్నాయి. ఒకటి గ్రంథంలో ఏముందన్నది, రెండోది మీ సంఘం తేదీ ఎలా నిర్ణయించుకోవాలన్నది, మూడోది ఆ నిర్ణయపు బరువు మీ నెత్తిన ఎందుకు పడిందన్నది. మొదటిదానికి తిన్నగా జవాబు చెప్పవచ్చు. చెబితే మిగతా రెండూ కొంత సడలుతాయి.

ముందు తేదీలు చూద్దాం. సొలొమోను ఏలుబడి 4వ ఏట రెండో నెలలో పునాది పడింది. 11వ ఏట ఎనిమిదో నెలలో మందిరం దాని అన్ని భాగాలతో ముగిసింది. ఇది 1 రాజులు 6:37, 38. చరిత్రకారులు ఎక్కువమంది ఆ పునాదిని క్రీ.పూ. 966 ప్రాంతంలో పెడతారు. ఇక 8:2లో ప్రతిష్ఠ ఏడో నెలలో, పండుగ కాలంలో జరిగిందని ఉంది. ఏ ఏడాది ఏడో నెల అన్నది అక్కడ లేదు. చిక్కంతా అక్కడే పుట్టింది. మామగారు చెప్పే పదకొండు నెలలు గ్రంథంలో అంకెగా లేవు. ఎనిమిదో నెలలో పని ముగిసి, మరుసటి ఏడు ఏడో నెలలో ప్రతిష్ఠ జరిగిందనుకుంటే మధ్యలో వచ్చే లెక్క అది. లెక్క బాగుంది, చాలామంది వ్యాఖ్యాతలు దాన్నే ఒప్పుకుంటారు. అయినా వేరే రెండు లెక్కలు కూడా ఉన్నాయి. అదే 11వ ఏట ఏడో నెలలో, అంటే పని పూర్తిగా ముగియడానికి ఒక నెల ముందే ప్రతిష్ఠ జరిగిందని కొందరంటారు. అలాగైతే సొలొమోను చిన్నాచితకా పని మిగిలి ఉండగానే ప్రతిష్ఠించినట్టు. ఇది మీ పాస్టర్‌గారికి నచ్చే లెక్క. మూడోది, పాత గ్రీకు అనువాదమైన సెప్టువజింటులో 8వ అధ్యాయం మొదట్లోనే కనిపిస్తుంది. మందిరమూ రాజు ఇల్లూ రెండూ కట్టి ముగించిన 20 ఏళ్ల తర్వాత అని అక్కడ ఉంది. మందిరానికి 7, రాజనగరుకు 13 ఏళ్లు పట్టాయి కాబట్టి, ఆ లెక్కన ప్రతిష్ఠ పదమూడేళ్లు ఆగినట్టవుతుంది. హెబ్రీ పాఠంలో ఆ మాట లేదు. అయితే 9:1, 2లో రెండు ఇళ్లూ ముగించాకనే దేవుడు సొలొమోనుకు రెండోసారి ప్రత్యక్షమయ్యాడని ఉంది కనుక, ఆ లెక్క చెప్పేవాళ్లకూ కొంత ఆధారముంది.

కాబట్టి "ఆగాడా లేదా" అని అడిగితే, పదకొండు నెలలు ఆగాడనడానికి ఎక్కువ అవకాశముంది, కానీ గ్రంథం ఆ మాట అనలేదు అని చెప్పాలి. ఆగితే ఎందుకు ఆగాడో కూడా అది చెప్పలేదు. ఊహించవచ్చు. ఏడో నెల పర్ణశాలల పండుగ నెల. పంట ఇంటికొచ్చి, దేశమంతా యెరూషలేముకు కదిలే కాలం. ఎనిమిదో నెలకల్లా వానలు పట్టి దుక్కులు మొదలవుతాయి, జనం దొరకరు. ఊహ సబబైనదే అయినా అది ఊహే. అంతకన్నా గట్టి ఆధారం వేరే ఉంది, మీటింగులో మీరు చూపించవలసింది అదే.

"ముగించెను" అనే మాట ఈ కథలో ఒక్కసారి రాదు. 6:9లో గోడలు, పైకప్పు అయ్యాక వస్తుంది. 6:14లో మళ్లీ వస్తుంది. తీరా ఆ తర్వాతి వచనం నుంచి లోపల దేవదారు పలకలు పరచడం మొదలవుతుంది. 6:38లో అన్ని భాగాలూ ముగిశాయంటారు. వెంటనే 7వ అధ్యాయంలో స్తంభాలు, ఇత్తడి సముద్రం అనే పెద్ద నీటితొట్టి, చిన్న తొట్లు మోసే పీఠాలు, దీపస్తంభాలు వస్తాయి. 7:40లో ఇత్తడి పనివాడైన హీరాము (తూరు రాజు హీరాము వేరు) తన పని ముగిస్తాడు. 7:51లో పనంతా ముగిసి, దావీదు ప్రతిష్ఠించిన వెండి బంగారాలు ఖజానాలోకి చేరతాయి. మందసం వచ్చేది ఆ తర్వాత. అది కూడా అయ్యాక, 9:25లో ఏటా మూడుసార్లు బలులు అర్పించే ఏర్పాటు చెప్పి, మందిరం ముగించాడని మరోసారి అంటారు. మనం స్లాబ్ పడినప్పుడు ఒకసారి, రంగులేసినప్పుడు ఒకసారి, గృహప్రవేశం నాడు ఇంకొకసారి ఇల్లు అయిపోయిందంటాం చూడండి, అలాంటిదే ఇదీ. మీ మామగారు ఒక ముగింపు గురించి మాట్లాడుతున్నారు, పాస్టర్‌గారు ఇంకో ముగింపు గురించి. ఎవరు ఏ దశ గురించి మాట్లాడుతున్నారో ముందు తేల్చుకుంటే సగం వాదన అక్కడే ఆగిపోతుంది.

ఇక సొలొమోను మందిరం కూలాక కట్టిన రెండో మందిరం సంగతి. సొలొమోనును ఎత్తుకునే పెద్దలు దీన్ని ఎందుకో ఎత్తరు. బబులోను నుంచి తిరిగొచ్చినవాళ్లు ఏడో నెలలో బలిపీఠం నిలబెట్టి దహనబలులు మొదలుపెట్టారు. అప్పటికి మందిరపు పునాదే పడలేదని ఎజ్రా 3:6 చెబుతుంది. మరుసటి ఏడు రెండో నెలలో పని మొదలై పునాది పడితే, కొందరు కేకలు వేసి సంతోషించారు, మొదటి మందిరం చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు. తర్వాత పని ఆగిపోయి, పారసీక రాజు దర్యావేషు 2వ ఏట, అంటే క్రీ.పూ. 520లో, హగ్గయి, జెకర్యాల మాటతో మళ్లీ అందుకుంది. అదే రాజు 6వ ఏట, అదారు, అంటే పన్నెండో నెల, 3వ తేదీన ముగిసింది. అది క్రీ.పూ. 515. ప్రతిష్ఠ కోసం ఎన్నాళ్లో ఆగారన్న మాట ఎక్కడా లేదు. ముగిసిందని 6:15లో, ఆనందంతో ప్రతిష్ఠించారని 6:16లో. దాదాపు నలభై రోజుల తర్వాత మొదటి నెల 14న పస్కా ఆచరించారు. బలుల లెక్క కూడా చూడండి. సొలొమోను కాలంలో 22,000 ఎద్దులు, 1,20,000 గొర్రెలు. ఇక్కడ 100 ఎద్దులు, 200 పొట్టేళ్లు, 400 గొర్రెపిల్లలు, గోత్రానికొకటి చొప్పున 12 మేకపోతులు. ఉన్నంతలో చేసుకున్నారు. దాన్ని గ్రంథం ఎక్కడా తక్కువ చేసి మాట్లాడలేదు.

అంటే రెండు పక్షాలకూ వాక్యం దొరుకుతుంది. అందుకే ఏ పక్షమూ వాక్యాన్ని తేదీ నిర్ణయించే హుకుంలా వాడకూడదని నా అభిప్రాయం. మీ సంఘం ముందు మూడు దారులున్నాయి.

క్రిస్మస్‌కే ప్రతిష్ఠ చేయవచ్చు. జనం నిండుగా ఉంటారు, బయటి ఊళ్లలో పనిచేసే పిల్లలూ ఇంటికొస్తారు. ఏడో నెల పండుగకు సొలొమోను ప్రతిష్ఠ పెట్టడంలో ఉన్న లాభమే ఇది. నష్టం కూడా తెలిసిందే. ప్రతిష్ఠ అయ్యాక టైల్స్‌కు చందా అడిగితే చేతులు అంత తేలిగ్గా లేవవు. సగం పని ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయిన మందిరాలు మీకూ తెలిసే ఉంటాయి. ఈ దారి పట్టేట్టయితే మిగిలిన పనికి ఎంతవుతుందో, ఎప్పటికి చేస్తారో ముందే కాగితం మీద పెట్టించాలి.

అంతా ముగిశాకనే అంటే, బాకీ తీరుతుంది, పని తీరుగా ఉంటుంది. అయితే "అంతా" అన్న మాటకు హద్దు గీయకపోతే ప్రహరీ తర్వాత గేటు, గేటు తర్వాత గంట అని జరుగుతూ పోతుంది. ఈలోగా పాత మందిరం తీసేశారు కాబట్టి ఆరాధన ఎక్కడ అన్న ప్రశ్న ఉంటుంది. ఎక్కడా చోటు లేదని కొత్త భవనంలోనే ఆరాధన మొదలుపెడితే, ఏడాది తర్వాత జరిగే ప్రతిష్ఠకు జనం మనసులో అంత విలువ ఉండదు.

మూడోది రెండు దశల దారి. ఇప్పుడు కృతజ్ఞతారాధన పెట్టి భవనంలోకి వెళ్లడం, బాకీ తీరి టైల్స్ పడ్డాక ప్రతిష్ఠ. పునాది పడకముందే బలిపీఠం నిలబెట్టి అర్పణలు మొదలుపెట్టిన ఎజ్రా 3 దీనికి దగ్గర పోలిక. ఇద్దరి మాటా కొంత నిలబడుతుంది. కాకపోతే ఇద్దరూ కొంచెం నొచ్చుకుంటారు. ఖర్చు రెండుసార్లు, భోజనాలు కూడా రెండుసార్లు. మీ సంఘం ఏదైనా డయాసిస్ కింద ఉంటే బిషప్‌గారు వచ్చే తేదీయే చివరకు నిలుస్తుంది కాబట్టి, అది ముందు కనుక్కుంటే ఈ చర్చలో చాలా భాగం అక్కర్లేకపోవచ్చు.

బాకీ మాటెత్తారు కాబట్టి, మామగారి భయాన్ని నేను కొట్టిపారేయను. లెక్కలు చూసేవాళ్లకు ఆ భయం ఉండాలి. మందిరం మహిమ చెప్పే అధ్యాయాలే దాని ఖర్చు ఎవరి మీద పడిందో కూడా చెబుతాయి. తూరు రాజు హీరాము దేవదారు, సరళ వృక్షాల మ్రాకులు పంపితే, సొలొమోను ఏటా 20,000 కోరుల (కోరు ధాన్యపు కొలత) గోధుమలు పంపాడు. ఇశ్రాయేలులో 30,000 మందిని వెట్టికి పట్టి, నెలకు 10,000 మంది చొప్పున లెబానోనుకు పంపాడు. ఒక నెల అక్కడ, రెండు నెలలు ఇంట్లో. చివర 1 రాజులు 9:11లో గలిలయలోని 20 ఊళ్లు హీరాము పరమయ్యాయి. అవీ అతనికి నచ్చలేదు. సొలొమోను పోయాక జనం రెహబాము దగ్గరకొచ్చి మొదట చెప్పిన మాట మీ నాన్న కాడి బరువు చేశాడనే. మామగారు సొలొమోను ఆలస్యం మాట ఎత్తే బదులు ఈ భాగం ఎత్తితే ఆయన వాదన ఇంకా బలంగా ఉండేది.

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్న. ముందు ఒక మాట. మీరు "చూసి చెబుతాను" అనడంలో తప్పేమీ లేదు. ఆ జవాబు ఇంకా ఇవ్వకపోవడమే ఇబ్బంది. వాడి ఫోన్‌లో రెండు గ్రంథాలూ ఉన్నాయి, ఒక అంకె దాస్తే దాగదు. దాచారని తెలిశాక వాడు ప్రశ్న మానడు, మిమ్మల్ని అడగడం మానేస్తాడు.

స్తంభాల విషయంలో 18 మూరలు అన్నది 1 రాజులు 7:15, 2 రాజులు 25:17, యిర్మీయా 52:21, ఈ మూడుచోట్లా ఉంది. 35 అన్నది 2 దినవృత్తాంతాలు 3:15లో. రెండు స్తంభాల పొడవూ కలిపి చెప్పారని కొందరు సర్దుతారు. 18కి 18 కలిపితే 36 అవుతుంది కదా అంటే, ఒక్కోటి పదిహేడున్నర ఉంటే దాన్ని 18గా చెప్పారంటారు. చేతిరాత ప్రతుల్లో అంకె మారిందని ఇంకొందరంటారు. రెండూ అవకాశాలే, రుజువు కాలేదు. అలాగే చెప్పండి. ముఖమంటపం ఎత్తు దినవృత్తాంతాల్లో 120 మూరలని ఉంది. మందిరమే 30 మూరలైతే ముందున్న మంటపం దానికి నాలుగింతలు. కొన్ని గ్రీకు, సిరియా ప్రతుల్లో అక్కడ 20 అని ఉంది, కట్టడానికి కూడా అదే కుదురుతుంది. ఇత్తడి సముద్రంలో రాజుల గ్రంథం 2000 బత్తుల (బత్తు నీటి కొలత) నీళ్లంటే దినవృత్తాంతాలు 3000 అంటుంది.

అన్ని తేడాలూ ప్రతుల పొరపాట్లే అనుకోనక్కర్లేదు. పనివాళ్ల మీద అధికారుల లెక్క దీనికి మంచి ఉదాహరణ, పెద్ద పిల్లలకు ఇది తప్పక చూపించండి. 1 రాజులు 5:16లో 3300, 2 దినవృత్తాంతాలు 2:18లో 3600. తేడా కనిపిస్తుంది. కానీ రాజుల గ్రంథమే 9:23లో మరో 550 మంది అధికారుల్ని చెబుతుంది, దినవృత్తాంతాలు 8:10లో 250 మందిని. రెండు వైపులా కూడండి, 3850 వస్తుంది. ఒకరు ఒక రకంగా వర్గం చేశారు, ఇంకొకరు ఇంకో రకంగా. పిల్లల చేతే బోర్డు మీద కూడిక వేయించండి. మీరు పది నిమిషాలు మాట్లాడిన దానికన్నా ఆ కూడిక వాళ్లకు బాగా గుర్తుంటుంది.

తెలివైన పిల్లలు సముద్రం దగ్గర ఇంకో ప్రశ్న అడుగుతారు, సిద్ధంగా ఉండండి. అడ్డం 10 మూరలైతే చుట్టూ 31.4 రావాలి కదా, 30 అన్నారేమిటని. అంచు బెత్తెడు దళసరి అని 1 రాజులు 7:26లో ఉంది. మూరకు ఆరు బెత్తెలు. రెండు వైపులా దళసరి తీసేస్తే లోపలి అడ్డం 9.67 మూరలు, దాని చుట్టుకొలత 30.4. అడ్డం బయటినుంచి, చుట్టుకొలత లోపలినుంచి తీశారంటే సరిపోతుంది. లేదా సుమారుగా రౌండు అంకె చెప్పారన్నా తప్పు లేదు.

అయిదో తరగతి లోపు పిల్లలకు ఇవేవీ అక్కర్లేదు. వాళ్లకు సుత్తి చప్పుడు వినపడకుండా కట్టిన మందిరం కథ చాలు. రాళ్లు గనిలోనే చెక్కి, సిద్ధం చేసి తెచ్చారు. ఇత్తడి పోత పోసింది యెరూషలేములో కాదు, యొర్దాను మైదానంలో సుక్కోతు, సారెతాను మధ్య బంకమట్టి నేలలో. మూస పోయడానికి ఆ మట్టి కావాలి మరి. మ్రాకులు సముద్రం మీద తెప్పలుగా కట్టి యొప్పేకు తేల్చి తెచ్చారు. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వినేవి ఇవి.

నమూనాకు ఇంకా సమయముంది, కంగారు పడకండి. ఒక మూరకు ఒక సెంటీమీటరు తీసుకోండి. అసలు మూర ఎంతన్నది రెండు రకాలుగా లెక్కిస్తారు. యెరూషలేములోని సిలోయము నీటి సొరంగం శాసనంలో దాని పొడవు 1200 మూరలని ఉంది, ఇప్పుడు కొలిస్తే 533 మీటర్లు. అంటే మూర దాదాపు 44.5 సెంటీమీటర్లు. పెద్ద మూర అయితే 52 దాకా వస్తుంది. కరపత్రంలో మందిరం పొడవు సుమారు 27 మీటర్లు, వెడల్పు 9, ఎత్తు 13.5 అని వేయండి, "సుమారు" అన్న మాట వదలకండి.

లోపలి కొలతలు పొడవు 60, వెడల్పు 20, ఎత్తు 30. అందులో వెనక 20 గర్భాలయం, ముందు 40 పరిశుద్ధస్థలం. ముందు మంటపం అడ్డం 20, లోతు 10. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. 60, 20 అన్నవి లోపలి కొలతలు, గోడల దళసరి వేరే కలపాలి. మూడు పక్కలా మూడంతస్తుల గదులున్నాయి. కింది గదుల వెడల్పు 5, మధ్యవి 6, పైవి 7. పైకి వెళ్లేకొద్దీ వెడల్పు ఎందుకు పెరిగిందంటే, మందిరపు గోడ ఒక్కో అంతస్తుకు ఒక్కో మూర లోపలికి తగ్గింది. దూలాలు ఆ గట్ల మీద ఆనాయి తప్ప గోడకు చిల్లు పెట్టలేదు. గోడ దళసరి రాజుల గ్రంథం చెప్పలేదు కాబట్టి మీరు కింద 5 సెం.మీ., మధ్య 4, పైన 3 పెట్టుకుంటే గట్లు చక్కగా కుదురుతాయి. బయటి గోడలు 2 చొప్పున కలిపితే మొత్తం వెడల్పు 44, పొడవు మంటపంతో కలిపి దాదాపు 90 వస్తుంది. ఒక్కో అంతస్తు 5 ఎత్తు, మూడూ కలిపి 15. పైన మిగిలిన 15లో కిటికీలు పెట్టండి, గదుల వెనక పెడితే వెలుగు రాదు. ఆవరణంతో కలిపి ఆరడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్ సరిపోతుంది. అంత చోటు లేకపోతే మూరకు అర సెంటీమీటరు తీసుకోండి.

గర్భాలయం 20 మూరల ఘనం, కానీ కప్పు 30 ఎత్తులో ఉంది. పది మూరల తేడా ఎక్కడ పోయిందో గ్రంథం చెప్పలేదు. నేల ఎత్తు చేశారనీ, పైన అటక ఉందనీ రెండు ఊహలున్నాయి. అటకగా చేస్తే మీకు పని తేలిక. పైకప్పు చదునుగా చేసి ఊడతీసే వీలు పెట్టండి, పిల్లలు లోపలికి చూడాలి. గుమ్మటం, శిఖరం పెట్టకండి. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మల్లో సగం హేరోదు కట్టిన మందిరానివి, అది వేరు.

స్తంభాలకు 40 ఎం.ఎం. పీవీసీ పైపు సరిగ్గా నప్పుతుంది. చుట్టుకొలత 12 మూరలంటే అడ్డం 3.8 సెం.మీ. వస్తుంది. 18 సెం.మీ. ముక్క కోసి పైన 5 సెం.మీ. పీట పెట్టండి. 35 వేస్తే పీటతో కలిపి 40 అయి మందిరం కప్పు దాటిపోతుంది. మామగారికి 18 ఎందుకు వేశారో చెప్పడానికి ఇది మంచి సాక్ష్యం. కుడివైపుది యాకీను, ఎడమది బోయజు. పీటకు 200 దానిమ్మపండ్లు అంటించాలని చూడకండి, రెండు వరుసల చుక్కలు చాలు. ఇత్తడి బలిపీఠం 20కి 20, ఎత్తు 10, దీని కొలత దినవృత్తాంతాల్లోనే దొరుకుతుంది. సముద్రం 10 సెం.మీ. అడ్డం ఉన్న గిన్నె, ఆగ్నేయ మూలన, పన్నెండు ఎద్దుల మీద, దిక్కుకు మూడు చొప్పున బయటికి చూస్తూ. పీఠాలు పది, 4కు 4, ఎత్తు 3, దక్షిణాన అయిదు, ఉత్తరాన అయిదు. ముఖద్వారం తూర్పు. గర్భాలయంలోని కెరూబులు, అంటే రెక్కల దూతల బొమ్మలు, 10 సెం.మీ. ఎత్తు, ఒక్కోదాని రెక్కల కొసల మధ్య 10, రెండూ కలిసి ఒక గోడ నుంచి రెండో గోడకు అందాలి. ముఖాలు పరిశుద్ధస్థలం వైపు.

థర్మోకోల్ వాడితే ఒక జాగ్రత్త. స్ప్రే పెయింట్, థిన్నర్ కలిపే బంగారు రంగు, ఘాటైన జిగురు తగిలితే అది కరిగి గుంటలు పడుతుంది. ఫెవికాల్, నీటితో కలిపే అక్రిలిక్ రంగులే వాడండి. స్తంభాలకు విడిగా రంగేసి ఆరాక బిగించండి.

ఇక మీటింగు సంగతి. అందరి ముందూ నోటితో జవాబు చెబితే మీ మాట ఎవరో ఒకరి ఓటుగా మారుతుంది. "నాకు తెలియదండీ" అంటే ఇవాళ్టికి గండం గడుస్తుంది, కానీ ఆ కుర్రాడి ముందు మీరు తెలిసీ దాచినట్టవుతుంది. ఒక పేజీ కాగితం రాసి పాస్టర్‌గారికీ మామగారికీ ఒకే రోజు ఇవ్వడం నాకు మేలనిపిస్తుంది. వచనాలు, మూడు లెక్కలు, రెండో మందిరం తేదీలు. కింద మీ అభిప్రాయం వద్దు. మామగారికి మాత్రం ఇంట్లో ముందుగా, భోజనాలయ్యాక, అత్తగారూ మీవారూ ఉండగా చూపించండి. ఆయన లెక్క తప్పని చెప్పడం లేదు, ఎక్కువమంది ఒప్పుకునేది ఆయన లెక్కేనని మొదటే అనండి, అది నిజం కూడా. ఆయన అప్పటికీ కోప్పడవచ్చు. అలాంటప్పుడు తేదీ గురించి మాట్లాడే బాధ్యత మీవారికి అప్పగించి, మీరు పిల్లల పనికే ఉండిపోండి. మీరు అడిగి తెచ్చుకున్న పంచాయితీ కాదు ఇది, తీర్చే భారం కూడా మీది కాదు.

కరపత్రంలో "ఏడేళ్లలో కట్టిన మందిరం" అని వేయవచ్చునా అని చివర్లో అడిగారు. వేయండి. నెలలు లెక్కిస్తే ఏడున్నర ఏళ్లు వస్తుంది, గ్రంథం ఏడనే అంది. ప్రతిష్ఠ పద్నాలుగు రోజులని 1 రాజులు 8:65 చెబుతుంది. 2 దినవృత్తాంతాలు 7:9, 10 దాన్ని విడదీసి ప్రతిష్ఠకు ఏడు, పండుగకు ఏడు అని చెప్పి, 23వ తేదీన జనాన్ని పంపేశారంటుంది. ఆ లెక్కన ప్రతిష్ఠ 8వ తేదీన మొదలవ్వాలి, అంటే 10వ తేదీ ప్రాయశ్చిత్త దినం ఆ ఏడు రోజుల మధ్యలో పడుతుంది. ఆ ఏడు ప్రాయశ్చిత్త ఉపవాసం ఆచరించలేదని యూదుల ధర్మచర్చల గ్రంథమైన తల్ముదులో ఒక చర్చ ఉంది. కరపత్రంలో దీన్ని పెట్టకండి, ఆ తొమ్మిదో తరగతి అబ్బాయికి చెప్పండి.